మావా అన్నా పేనుబంక అన్నా: కుసుమ చేను నుంచి సోయా చేను దాకా

పోయిన శ్రావణంలో ఒకరోజు పొద్దున్నే ఊరి నుంచి మా చిన్నాయన కొడుకు ఫోన్‌లో ఫోటో పంపాడు. సోయా ఆకును తిరగేసి పట్టుకున్న రెండు వేళ్లు, ఆకు అడుగున ఆవగింజ కన్నా చిన్నగా పసుపుపచ్చ చుక్కలు. కింద ఒక్క ముక్క రాశాడు: "అన్నా, మావా పడ్డది. దుకాణమాయన ఇయ్యాలనే కొట్టాలె అంటుండు. ఏం జేద్దాం?"

నేనుండేది పుణెలో. పొలం ఉన్నది మూడు నూర్ల మైళ్ల అవతల అన్నంత దూరంగా అనిపించింది ఆ నిమిషం. చేను చూడకుండా చేనుకు మందు కొట్టాలా వద్దా అని చెప్పాల్సిన మనుషులం అయిపోయాం మనలో చాలామందిమి. భూమి బటాయికి ఇచ్చి, పట్నంలో ఉండి, ఫోన్‌లో వ్యవసాయం చేస్తున్నాం. తప్పు చెబితే నష్టం మాత్రం అక్కడ చేలో ఉన్నవాడిది.

ఆ రోజు నేను వెంటనే జవాబు చెప్పలేదు. ముందు కొన్ని పాత సంగతులు గుర్తుకొచ్చాయి. అవి మా ఇంటి సంగతులే అయినా, సరిహద్దు ఇవతల భూమి ఉన్న తెలుగు కుటుంబాలన్నిటివీ కొంచెం అటూఇటూగా ఇవే అయి ఉంటాయి. అందుకే రాస్తున్నాను.

రెండు పేర్ల పురుగు

మా ఊరు నాందేడ్ జిల్లాలో, దెగలూరు దిక్కున ఉంది. 1956 నవంబరు 1 దాకా అదంతా హైదరాబాదు రాజ్యమే. రాష్ట్రాలను భాషల వారీగా విడదీసినప్పుడు నాందేడ్ జిల్లా బొంబాయి రాష్ట్రంలోకి పోయింది. దెగలూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు, ముధోల్ తాలూకాలోని ముధోల్, భైంసా, కుబీర్ సర్కిళ్లు మాత్రం ఆంధ్రప్రదేశ్ వైపు ఉండిపోయాయి. మా తాత ఇల్లు ఇటు, ఆయన వియ్యంకుడి ఇల్లు అటు. భూమి ఒకే నల్లరేగడి, వాన ఒకటే, పంటా ఒకటే. కాయితాల భాష మాత్రం మారిపోయింది.

దాంతో పురుగుకు కూడా రెండు పేర్లు వచ్చాయి. జుక్కల్ వైపు వ్యవసాయ శాఖ వాళ్ల కరపత్రంలో "పేనుబంక". మా దిక్కు పరభణీ వ్యవసాయ విద్యాపీఠం పుస్తకాల్లో మరాఠీలో "మావా". మా బాపు రెండూ కలిపి మాట్లాడేవాడు: "మావా పడ్డది, ఆకంతా బంక బంక అయింది" అని. కన్నడ దిక్కున ఉన్న మన చుట్టాలు దీన్నే "హేను" అంటారు. మన "పేను", వాళ్ల "హేను", అరవం వాళ్ల "పేన్" ఒకే మాట. తలలో పేనులాగే మొక్క రసం పీల్చే పురుగు కనుక ఆ పేరు సరిగ్గానే సరిపోయింది. తమిళనాడులో పొలాల్లో మాత్రం దీన్ని "అశ్విని" అంటారు.

మన తెలుగు పేరులో పురుగు ఒక్కటే కాదు, అది చేసే పని కూడా ఉంది. పేను అంటే పురుగు, బంక అంటే అది విసర్జించే తీపి జిగట. రసం చాలా పీల్చుతుంది, అందులో తనకు కావలసింది కొంచెం తీసుకుని మిగతా చక్కెర నీళ్లు వదిలేస్తుంది. ఆ జిగట కింది ఆకుల మీద పడుతుంది. దానికి చీమలు వస్తాయి. నాలుగు రోజులు పోతే ఆ జిగట మీద నల్లటి మసి బూజు పడుతుంది. ఆకుకు ఎండ తగలదు, మొక్క నీరసిస్తుంది. చేలో చీమలు పైకి పాకుతున్నాయంటే పైన బంక ఉన్నట్టే అని మా అవ్వ చెప్పేది. ఆమె ఏ పుస్తకమూ చదవలేదు, కానీ మాట సరైనదే.

కుసుమ చేను నేర్పిన పాఠం

మా ఇంట్లో పేనుబంక అంటే మొదట గుర్తొచ్చేది సోయా కాదు, కుసుమ. మరాఠీలో కరడయీ. యాసంగిలో జొన్న మధ్య సాళ్లుగానో, చేను చుట్టూ అంచుగానో కుసుమ పడేది. ముళ్ల మొక్క కాబట్టి పశువులు లోపలికి రావు, పైగా నూనెకు నూనె. మా ఇంటి పోపు వాసన ఆ నూనెదే.

కుసుమకు పేనుబంక మహా చెడ్డ శత్రువు. ఇది నల్లగా, గుంపులుగా కొమ్మల చివర్లకు పట్టుకుంటుంది. చలి పెరిగి, మబ్బు పట్టిన రోజుల్లో, అంటే మార్గశిరం, పుష్యం దినాల్లో, ఒక్కసారిగా పెరుగుతుంది. ఆలస్యంగా పడ్డ చేను పూర్తిగా ఎండిపోయిన సంవత్సరాలు ఉన్నాయి.

దీనికి మా తాత దగ్గర మూడు పద్ధతులు ఉండేవి. మొదటిది, విత్తనం ముందే పడాలి. దసరా దాటకముందే కుసుమ పడాలనేవాడు. పురుగు బలంగా వచ్చే నాటికి మొక్క కాండం గట్టిపడి ఉంటుంది, లేత చివుళ్లు తక్కువ ఉంటాయి. ఇవాళ వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పేది కూడా ఇదే. నవంబరులో విత్తిన కుసుమకు ఈ పురుగు బాధ చాలా ఎక్కువ.

రెండోది, అంచు చూడాలి. ఈ పురుగు మొదట చేను మధ్యలో పడదు. రెక్కల పురుగులు గాలికి వచ్చి గట్టు పక్క సాళ్ల మీద దిగుతాయి. అక్కడ పిల్లలు పెట్టి లోపలికి పోతాయి. తాత పొద్దున పొలానికి పోతే ముందు గట్టు వెంట ఒక చుట్టు తిరిగేవాడు. పురుగు పట్టిన కొమ్మ చివర్లు తుంచి సంచిలో వేసుకునేవాడు. అంచు సాళ్ల మీద పొయ్యి బూడిద చల్లించేవాడు. చేనంతా కాదు, అంచు మాత్రమే.

మూడోది ఆగడం. బంక కనబడగానే ఆయన పరుగెత్తేవాడు కాదు. అక్షింతల పురుగు వచ్చిందా అని చూసేవాడు. ఎర్రటి వీపు మీద నల్ల చుక్కలు, పెళ్లిలో చల్లిన అక్షింత గింజంత ఉంటుంది. అది పేనుబంకను తింటుంది. దాని పిల్ల అయితే ఇంకా ఎక్కువ తింటుంది. ఆ పిల్ల చూడటానికి నల్లటి చిన్న మొసలిలాగా ఉంటుంది, తల్లిలాగా ఉండదు. చాలామంది దాన్నే పురుగు అనుకుని చంపుతారు. "వీటిని ముట్టకు, ఇవి మన కూలీలు" అని తాత మా బాపుకు చెప్పేవాడట.

తరువాత మా దిక్కుకు గమాక్సిన్ పొడి వచ్చింది. బి.హెచ్.సి. అని అసలు పేరు. గోనె సంచిలో పోసుకుని, కర్రతో కొడుతూ చేనంతా దులిపేవాళ్లు. అది మొదట్లో మంత్రంలాగా పనిచేసింది. ఒక్క రోజులో చేను శుభ్రం. అక్షింతల పురుగూ శుభ్రం. ఆ పొడి నేలలో, పాలలో, మన ఒంటి కొవ్వులో ఏళ్ల తరబడి ఉండిపోతుందని తెలిసి 1997లో దేశమంతా నిషేధించారు. అప్పటికి మా ఇంట్లో మూడు పద్ధతులూ సగం మరిచిపోయారు. పొడి ఉంటే అంచు ఎవరు చూస్తారు?

ఇల్లినాయి నుంచి వచ్చిన గింజ

సోయా మన తాతల పంట కాదు. 1960లలో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయం వాళ్లు పంత్‌నగర్, జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయాలతో కలిసి ఇక్కడ ఈ పంటను పరీక్షించారు. బ్రాగ్ వంటి అమెరికా రకాలు అప్పుడే వచ్చాయి. 1967లో సోయా మీద అఖిల భారత పరిశోధన పథకం మొదలయింది. 1987లో ఇందూరులో జాతీయ కేంద్రం పెట్టారు. 1994లో మధ్యప్రదేశ్ నుంచి జె.ఎస్. 335 అనే రకం విడుదలయింది. మా దిక్కు సోయాను ఇంటింటికీ తెచ్చింది ఆ రకమే.

లాతూరులో నూనె మిల్లులు, మార్కెట్‌లో రొక్కం, నూరు రోజుల్లో పంట. పునాస జొన్న, పెసర, మినుము ఉన్న చోటల్లా సోయా వచ్చి కూర్చుంది. యాసంగిలో కుసుమ కూడా తగ్గుతూ తగ్గుతూ పోయింది. ముళ్ల చేను కోయడానికి కూలీలు దొరకలేదు. జుక్కల్, బిచ్కుంద, మద్నూరు వైపు కూడా ఇదే కథ. 1956లో గీసిన గీతకు రెండు దిక్కులా ఇవాళ వానాకాలంలో పచ్చగా కనబడేది సోయానే.

కొత్త పంటతో మాకు పాత జ్ఞానం పనికిరాదనిపించింది. కుసుమ పురుగు తెలిసినవాళ్లకు సోయా పురుగు తెలియదు. ఆ ఖాళీలోకి దుకాణం వచ్చింది. ఏ పురుగు, ఎంత పురుగు అని చూసే పని పోయి, ఏ డబ్బా అని అడిగే పని మిగిలింది.

మా ఇంట్లోనే జరిగిన ఒక సంగతి చెబుతాను. ఒక ఏడు వానలు పదిహేను రోజులు ఆగిపోయాయి. సోయా చివుళ్ల మీద కొద్దిగా మావా కనబడింది. బాపు దుకాణానికి పోయి అడిగితే రెండు డబ్బాలు కలిపి కొట్టమన్నారు. కొట్టాడు. వారం తిరక్కుండా మళ్లీ ఒకసారి కొట్టాడు, "మళ్లీ రావద్దు" అని. మావా పోయింది. చేలో సాలీళ్లు, అక్షింతల పురుగులు, చిన్న కందిరీగలు అన్నీ పోయాయి. ఇరవై రోజులకు పొగాకు లద్దెపురుగు పడింది. అంతకుముందు ఏళ్లలో కూడా అది వచ్చేది, కానీ ఇంత కాదు. దాన్ని తినేవాళ్లను మేమే చంపేశాం కదా. మూడోసారి, నాలుగోసారి మందు కొట్టాల్సి వచ్చింది. ఆ ఏడు పంట వచ్చింది గానీ, మందు ఉద్దెర తీర్చేసరికి చేతిలో ఏమీ మిగల్లేదు. బాపు ఆ లెక్క నోట్‌బుక్కులో రాసి పెట్టాడు. ఇప్పటికీ ఉంది.

అమెరికాలో 2000 నాటి వేసవి

సోయా గింజ ఎక్కడి నుంచి మనకు వచ్చిందో, సరిగ్గా ఆ ఊళ్లలోనే పేనుబంక పెద్ద పాఠం నేర్పింది. దాన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా నోట్‌బుక్కులో ఉన్నదీ అదే పాఠం.

సోయా పుట్టిల్లు చైనా. దాని పేనుబంక పుట్టిల్లూ తూర్పు ఆసియానే. అక్కడ రైతుకు ఇద్దరూ పాత పరిచయస్తులే. సోయా 1765లో అమెరికాకు చేరింది, జార్జియాలో నాటారు. పురుగు మాత్రం వెంట రాలేదు. రెండు వందల ముప్పై ఏళ్లకు పైగా అక్కడి సోయాకు ఆ శత్రువు లేదు. ఇల్లినాయి, అయోవా, మిన్నెసోటా రాష్ట్రాల్లో సోయా అంటే పురుగుమందు దాదాపుగా కొట్టని పంట.

2000 జూలైలో విస్కాన్సిన్ రాష్ట్రంలో మొదటిసారి ఆ పేనుబంక కనబడింది. ఆ ఏడు ముగిసేలోగా పది రాష్ట్రాల్లో దొరికింది. 2001 ఆగస్టులో కెనడాలోని టొరంటోలో ఈ రెక్కల పురుగులు మేఘంలాగా వచ్చి బేస్‌బాల్ ఆట చూస్తున్నవాళ్ల కళ్లలో, నోళ్లలో పడ్డాయి. 2009 నాటికి 30 రాష్ట్రాలకు, కెనడాలోని మూడు ప్రాంతాలకు పాకింది.

అంత తొందరగా ఎట్లా పెరిగింది? ఎండాకాలమంతా ఈ పురుగులో మగవి ఉండవు. ఆడది గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్నే కంటుంది. పుట్టే కూతురి కడుపులో అప్పటికే మనవరాలు తయారవుతూ ఉంటుంది. ప్రయోగశాలలో, దానికి హాయిగా ఉండే 25 డిగ్రీల వేడిలో, ఒకటిన్నర రోజుకు సంఖ్య రెట్టింపవుతుంది. చలికాలం వచ్చే ముందు మాత్రం మగవి పుట్టి, బక్‌థార్న్ అనే పొద మీద గుడ్లు పెట్టి చలి గడుపుతుంది. ఆ పొదను ఒకప్పుడు యూరపు నుంచి వచ్చినవాళ్లే ఇళ్ల చుట్టూ కంచెకు తెచ్చి నాటుకున్నారు. చలికి ఇల్లు ముందే కట్టి పెట్టినట్టయింది.

పురుగు బలంగా పడ్డ చేలలో దిగుబడి 40 శాతం దాకా పోయింది. రైతులు భయపడ్డారు. విమానాలతో, పెద్ద యంత్రాలతో మందు కొట్టారు. ఒక పురుగు కనబడినా కొట్టారు. మా బాపు చేసిందే వాళ్లూ చేశారు, ఎకరాలు మాత్రం లక్షల్లో.

అప్పుడు విశ్వవిద్యాలయాల వాళ్లు ఒక మామూలు ప్రశ్న వేశారు: మొక్కకు ఎన్ని పురుగులు ఉంటే నష్టం మొదలవుతుంది? మూడేళ్లు, ఆరు రాష్ట్రాల్లో, 19 ప్రయోగాలు పెట్టారు. 2007లో ఫలితం అచ్చయింది. మొక్కకు సగటున దాదాపు 670 పురుగులు దాటితేనే పోయే పంట విలువ మందు ఖర్చుకు సమానమవుతుంది. మందు తెచ్చి కొట్టడానికి వారం టైము కావాలి కనుక, దానికి ముందే, 250 దగ్గర నిర్ణయం తీసుకోవాలన్నారు. అదీ చేలో ఎక్కువ మొక్కల మీద ఉండి, సంఖ్య పెరుగుతూ ఉంటేనే. పొలంలో సగటున రెట్టింపు కావడానికి దాదాపు వారం పడుతుందని అదే పరిశోధనలో తేలింది. ప్రయోగశాలలో ఒకటిన్నర రోజు, పొలంలో వారం. మధ్యలో ఆ పురుగును ఆపుతున్నది ఎవరు? వాన, ఎండ, బూజు తెగుళ్లు, చిన్న పువ్వు నల్లులు, అక్షింతల పురుగులు. మా తాత కూలీలే.

రెండు వందల యాభై లెక్కపెట్టడం కష్టమని రైతులు అన్నారు. దానికి మిన్నెసోటాలో ఒక సులువు కనిపెట్టారు. ఒక మొక్క మీద 40 దాకా లెక్కపెట్టి ఆగు. 40 ఉంటే "పట్టిన మొక్క", లేకపోతే "పట్టని మొక్క". ముందు 11 మొక్కలు చూడు. ఎన్ని పట్టాయో దాన్ని బట్టి కొట్టాలా, ఆగాలా, ఇంకొన్ని చూడాలా అన్నది పట్టికలో ఉంటుంది. గట్టు మీద కాదు, చేనంతా తిరుగుతూ చూడాలి.

సులువు దారులు ఏమయ్యాయి

లెక్కపెట్టే పని తప్పించే దారులు కూడా వెతికారు. వాటి గతి ఏమయిందో తెలుసుకుంటే మనకూ ఉపయోగం.

పురుగును తట్టుకునే విత్తనం. ఇల్లినాయిలోనే పాత రకాల్లో ఆ గుణం దొరికింది. 2006లో దాని వెనక ఉన్న జన్యువుకు రాగ్ ఒకటి అని పేరు పెట్టారు. రైతుల చేతికి ఆ విత్తనం సరిగ్గా అందకముందే, ఆ జన్యువును లెక్కచేయని పేనుబంక ఒహాయోలో ఉందని 2008లో అచ్చయింది.

విత్తనానికి మందు పూయడం. విత్తిన కొన్ని వారాలకే ఆ మందు బలం తగ్గుతుంది. పురుగు వచ్చేది ఆ తరువాత. 2014లో అమెరికా పర్యావరణ సంస్థ లెక్కలు చూసి, సోయాలో చాలా చోట్ల దీనివల్ల లాభం లేదు, ఉన్నా చాలా కొద్ది అని చెప్పింది.

చైనా నుంచి శత్రువును తేవడం. పేనుబంక కడుపులో గుడ్డు పెట్టే ఒక చిన్న కందిరీగను ఏళ్లు పరీక్షించి 2007లో వదిలారు. అది నిలదొక్కుకోలేదు. తమాషా ఏమిటంటే, అటువంటిదే ఇంకో ఆసియా కందిరీగ ఎవరూ పిలవకుండానే వచ్చి, 2005లో పెన్సిల్వేనియాలో కనబడింది. అది మాత్రం స్థిరపడి పనిచేస్తోంది.

చౌక మందు. పైరెత్రాయిడ్ జాతి మందులు అగ్గువ కనుక ఏడాదికేడాది అవే కొట్టారు. 2015లో మిన్నెసోటాలో మందు కొట్టినా పురుగు చావడం లేదని రైతులు చెప్పడం మొదలయింది. పరీక్షిస్తే నిజమే, పురుగుకు అలవాటయిపోయింది. తరువాత అయోవా, డకోటాల్లోనూ అదే.

చివరికి మిగిలింది ఏమిటంటే, చేలోకి పోవడం, ఆకు తిరగేయడం, లెక్కపెట్టడం. అంత డబ్బు, అంత శాస్త్రం ఉన్న దేశం పదిహేనేళ్లు తిరిగి మా తాత గట్టు మీదికే వచ్చింది. ఇందులో మా తాత గొప్పవాడని చెప్పడం లేదు. ఆయన దగ్గర 250 అనే అంకె లేదు. ఆలస్యంగా విత్తిన ఏడు ఆయన చేనూ ఎండింది. కానీ పురుగు కనబడటం వేరు, నష్టం రావడం వేరు అనే తేడా ఆయనకు తెలుసు. మందు పొడి వచ్చాక మనం పోగొట్టుకున్నది ఆ తేడానే.

ఇంతకీ ఆ రోజు ఏం చెప్పాను

మా తమ్ముడికి ఫోన్ చేసి రెండు మాటలు చెప్పాను. ఒకటి, ఇయ్యాల కొట్టొద్దు. రెండు, చేలో అడ్డదిడ్డంగా తిరిగి ముప్పై మొక్కలు చూడు, ఒక్కో దాని మీద ఎన్ని ఉన్నాయో కాయితం మీద రాయి, అక్షింతల పురుగు, దాని పిల్ల ఉన్నాయా అదీ రాయి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఆ 250 మన లెక్క కాదు. అది వాళ్ల రకాలకు, వాళ్ల వాతావరణానికి, వాళ్ల పురుగుకు కట్టిన అంకె. మన దగ్గర సోయాకు పేనుబంక చిన్న శత్రువే. మన పెద్ద శత్రువులు వేరు: కాండం లోపల తొలిచే ఈగ, కాండం చుట్టూ రెండు గీతలు కోసి గుడ్డు పెట్టే చక్రభుంగా, ఆకు తినే లద్దెపురుగులు, పల్లాకు తెగులు మోసుకొచ్చే తెల్లదోమ. వీటి లెక్కలు దేనికదే. తెల్లదోమ విషయంలో ఆలస్యం చేస్తే ఆ తెగులుకు మందు లేదు. కాబట్టి "ఆగు" అన్నది అన్నిటికీ జవాబు కాదు. "ముందు చూడు" అన్నది మాత్రం అన్నిటికీ జవాబే.

సాయంత్రం తమ్ముడు కాయితం ఫోటో పంపాడు. ముప్పై మొక్కల్లో తొమ్మిదింటి మీదే మావా ఉంది. అందులో ఏడు గట్టు పక్కవే. ఎక్కడా ఇరవై దాటలేదు. నాలుగింటి మీద నల్ల మొసలి పిల్లలు ఉన్నాయి. "ఇవేనా అన్నా అక్షింతల పిల్లలు? నేను ఇన్నొద్దులు ఇవే పురుగు అనుకున్న" అన్నాడు.

కానీ కాయితం కింద ఇంకో సంగతి రాశాడు. ఐదు మొక్కల చివర్లు వాడిపోయి ఉన్నాయి, కాండం మీద రెండు గీతలు. అది చక్రభుంగా. మావా కోసం వంగి చూస్తే అసలు దొంగ దొరికాడు. దుకాణానికి పంపిన ఫోటోలో వాడు లేడు. తెల్లారి ఇద్దరు ఆడకూలీలను పెట్టి గీతలు పడ్డ కొమ్మలన్నీ గీత కింద నుంచి తుంచి, తెచ్చి కాల్చేశారు. నాలుగు రోజులకు మంచి వాన పడింది, మావా సగం కొట్టుకుపోయింది, మిగిలింది పిల్లలు తిన్నాయి. ఓ మడి పక్కన లద్దెపురుగు ఎక్కువై, అక్కడ వేపగింజల కషాయం కొట్టాం. అయిదు కిలోల గింజలు దంచి, బట్టలో కట్టి రాత్రంతా నీళ్లలో నానబెట్టి, నూరు లీటర్లకు కలిపి, కొంచెం సబ్బు వేసి. ఒక చోట మందూ కొట్టక తప్పలేదు. కానీ చేనంతా కాదు.

పంట బాగా వచ్చిందా అంటే, పక్క చేల లాగానే వచ్చింది. ఎక్కువేమీ రాలేదు. ఖర్చు తక్కువ అయింది, అంతే. బాపు నోట్‌బుక్కులో ఆ పాత ఏడు లెక్క పక్కన ఈ ఏడు లెక్క తమ్ముడు రాశాడు.

మీరు సోలాపూర్‌లో ఉన్నా, బళ్లారిలో ఉన్నా, హోసూరులో, బరంపురంలో, యానాంలో ఉన్నా, మీ ఇంట్లో కూడా ఇటువంటి మాట ఒకటి ఉండే ఉంటుంది: ఏ పురుగును ఏమనేవాళ్లు, ఎప్పుడు విత్తేవాళ్లు, ఏది చూసి ఆగేవాళ్లు. తెలిసిన పెద్దలు ఉన్నప్పుడే అడిగి రాసి పెట్టుకోండి. ఆ మాట మరాఠీలో ఉన్నా, కన్నడంలో ఉన్నా, తెలుగులో ఉన్నా ఫరవాలేదు. మా ఇంట్లో కుసుమ పోయింది, ఆ నూనె వాసన పోయింది. "అంచు చూడు" అన్న మాట కూడా పోయేదే, ఒక ఫోటో రాకపోయి ఉంటే.

ఈ యాసంగిలో గట్టు వెంట రెండు సాళ్లు కుసుమ వేద్దామని తమ్ముడు అంటున్నాడు. విత్తనం దసరాకు ముందే తెచ్చి పెట్టమన్నాను.